గేట్లు తీసే మనిషి

మా ఆయన్ని ఈ ఊళ్లో అందరూ కెప్టెన్ అంటారు. ఓడ లేదు, సైన్యం లేదు, ఉన్నదల్లా ఒక సైకిల్ షాపు. అయినా కెప్టెనే. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే నవ్వి ఊరుకుంటాడు, ఎందుకంటే తనే పెట్టుకున్నాడు. నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, మా తోడికోడలి గురించి. కానీ సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత అర్థం కావాలంటే సోకు పడ్డవాణ్ణి కూడా కాస్త చూపించాలి కదా!

తోడికోడల్ని నేను అక్క అంటాను. ఊరు చువ్వలక్క అంటుంది. షాపు వెనక గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. దాని మీద ఇనుప స్టాండు, స్టాండులో ఎప్పుడూ ఏదో ఒక చక్రం. వంకరపోయిన చక్రాన్ని తిప్పి వదిలి, రిమ్ము ఎక్కడ ఒరుసుకుంటోందో చెవి పెట్టి విని, అక్కడి చువ్వను చిన్న కీతో ఒక్క పిసరు బిగిస్తుంది, దాని ఎదుటి చువ్వను ఒక్క పిసరు వదులుతుంది. మళ్లీ తిప్పుతుంది. చక్రం నిటారుగా తిరిగేదాకా ఆమెను పిలిచినా పలకదు. మామూలుగానే ఎక్కువ మాట్లాడదనుకోండి. మా అత్తగారు బతికున్న రోజుల్లో "చిన్నదానికి దేవుడు నోరిచ్చాడు, పెద్దదానికి చేతులిచ్చాడు" అనేది. నాకు కోపమొస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. అక్కకు కోపమొస్తే పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలియదు.

బావగారు, అంటే మా ఆయన అన్న, ఆ షాపులోనే పోయారు. పట్టపగలు, ఎవరిదో టైరుకు గాలి కొడుతూ, పంపు చేతిలో ఉండగానే కూలబడిపోయారు. షాపు ఆయనది. ఆయన పెట్టింది. నెల తిరక్కుండానే మా ఆయన బోర్డు మీద అన్న పేరు చెరిపించి తన పేరు రాయించాడు. "కస్టమర్లు కన్ఫ్యూజ్ అవుతారే" అన్నాడు నాతో. చచ్చిపోయిన మనిషి పేరు చూసి కన్ఫ్యూజ్ అయ్యే కస్టమర్ ఎవరండీ అని అడిగాను.

ఆ ఏడాది అక్క ఇంట్లో నిలవలేకపోయింది. బావగారి సైకిల్, లావు టైర్లు, వంపు హ్యాండిల్ ఉన్నది, దాని సీటు దించుకుని పొద్దున్నే బయలుదేరేది. మా ఊరి పక్క సరస్సు పెద్దది. తారురోడ్డు దానికి ఒక వైపే తగులుతుంది. మిగతా మూడు వైపులా పశువుల మేత భూములు, కంకర బాటలు, రెల్లు, పాత రాళ్ల క్వారీ, ఆ క్వారీ పక్కన మనిషి నడిచి ఎక్కడానికే రొప్పే ఒక మెట్ట. అక్క ఒకరోజు ఒక ముక్క తొక్కేది. దారి మూసుకుపోతే వెనక్కి వచ్చేది. మర్నాడు ఇంకో పక్క నుంచి వెళ్లేది. ముళ్ల తీగలకు మోచేతులు గీరుకుపోయేవి, కంకర మీద జారి పడితే మోకాళ్లు పగిలేవి. డెయిరీల వాళ్లను బతిమాలి, మీ గేటు తీసుకుని వెళ్లి మళ్లీ మూస్తానని మాటిచ్చి, ఆ ముక్కనూ ఈ ముక్కనూ కలిపేది. అలా ఏడాది తిరిగేసరికి సరస్సు చుట్టూ పూర్తి చుట్టు కుదిరింది. ఇంట్లో ఆమె కంట తడి నేను చూడలేదు. చుట్టాలు "ఎంత రాయి మనసో" అని గుసగుసలాడుకున్నారు. వాళ్ల నోళ్లు పడ! ఆమె ఏడుపంతా ఆ మెట్ట మీద పెట్టి వచ్చేదని వాళ్లకేం తెలుసు.

నాకు తర్వాత చెప్పింది. నాకంటే ముందు మా ఆయనకు చెప్పింది. ఒకరోజు ఆయన సరదాపడి ఆమె వెనకే వెళ్లాడు. మెట్ట మీద ఆమె ఆగితే ఎందుకాగావు వదినా అని అడిగాడు. "మీ అన్న కోసం ఏడ్చింది ఇక్కడే అబ్బాయ్" అని చెప్పింది. ఆమె పెళ్లై వచ్చేనాటికి మా ఆయన నిక్కర్లు వేసుకునేవాడు, అందుకని ఇప్పటికీ అబ్బాయే. తోడబుట్టినవాడు కదా, బాధ పంచుకుంటాడనుకుంది పిచ్చిది.

పంచుకోలేదు. మొత్తం తీసుకున్నాడు.

మరుసటి ఏడాది షాపులో కొత్త బోర్డు వేలాడింది. కెప్టెన్ చుట్టు, ఏటా ఒకసారి, ధైర్యం ఉన్నవాళ్లు రండి అని. ఎక్కడెక్కడి వాళ్లో లావు టైర్ల సైకిళ్లు వేసుకుని వచ్చారు. దారిలో ఒక్క బాణం గుర్తు ఉండదు, మ్యాప్ ఉండదు, ఫోన్లన్నీ ముందే ఒక బకెట్లో వేసి నేను నడిపే వ్యాన్‌లో పెట్టాలి. అది మా ఆయన నియమం. "దారి మనిషి నుంచి మనిషికి అందాలి" అంటాడు ఛాతీ విరుచుకుని. అబ్బో! జనం చప్పట్లు కొట్టారు. అసలు సంగతి, దారి ఫోన్లోకి ఎక్కితే ఇక కెప్టెన్ ఎవరికి కావాలి?

మరి ఆయనకు దారి తెలుసా? ఇక్కడే ఉంది కిటుకు. గేట్లు తీయడానికి ముందు ఒక మనిషి వెళ్లాలి కదా, ఆ పని అక్కకు అప్పగించాడు. "మా వదిన ముందెళ్లి గేట్లు తీస్తుందండీ" అని అందరికీ చెప్పేవాడు, ఇంట్లో పనిమనిషి తలుపు తీస్తుందన్నట్టు. అక్క ముందు వెళ్లేది, కనిపించనంత ముందు. ఒక్కో గేటు తెరిచి, తీగ ఉంగరం గుంజకు తగిలించి, సాగిపోయేది. వెనక మా ఆయన, ఆయన వెనక మంద. తెరిచిన గేటు కనపడితే అటు తొక్కేవాడు. ఏటా అంతే. అదే దారి తెలియడమని ఆయన నిజంగానే నమ్మాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

నేను చాలాసార్లు అడిగాను. "ఎందుకక్కా ఊరుకుంటావు? నలుగురిలో కడిగెయ్." అక్క చువ్వ బిగిస్తూ, "దారిదేముందే, ఎవరు తొక్కినా అరగదు" అనేది. అది నిజంగానే అనేదో, నా నోరు మూయించడానికి అనేదో ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడాది కథ మలుపు తిరిగింది. సరస్సు బాగోగులు చూసే ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. ఈ చుట్టుకు గుర్తింపు ఇస్తారట. దారి మొదట్లో, పాత పంపుహౌసు పక్కన ఒక రాయి పాతి, దాని మీద దారి కనిపెట్టిన మనిషి పేరు చెక్కిస్తారట. ఈసారి ఆవిడే స్వయంగా సైకిల్ మీద వస్తుందట, ఆ తర్వాత పేరు ఖాయం చేస్తుందట. కూడా ఒక పత్రికాయన. మా ఆయన జుట్టుకు రంగేసుకున్నాడు.

వాళ్లు షాపుకు వచ్చిన రోజు నేను టీ పట్టుకెళ్లాను. ముందు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. వెనక గదిలో అక్క చక్రం టిక్కు టిక్కుమని తిరుగుతోంది. మధ్యలో తలుపు లేదు, గుడ్డ తెరే.

"ఈ దారి ఎలా పుట్టింది సార్?" అని పత్రికాయన అడిగాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా అన్న పోయిన ఏడాది నేను ఇంట్లో ఉండలేకపోయానండీ. పిచ్చెక్కినట్టు తిరిగాను. ఆ మెట్ట ఎక్కి, బండ మీద కూర్చుని, సరస్సు చూస్తూ, ఎవరికీ కనపడకుండా ఏడ్చేవాణ్ణి. అందుకే దానికి ఏడుపు మెట్ట అని పేరు పెట్టుకున్నాను."

ఆఫీసరమ్మ కళ్లు తుడుచుకుంది. వెనక గదిలో చక్రం ఆగిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హవ్వ! దారి దొంగిలించాడు, సరే. షాపు తీసుకున్నాడు, సరే. మొగుడు పోయిన ఆడమనిషి ఏడుపు కూడా దొంగిలిస్తారుటండీ ఎవరైనా? అన్న పోయిన ఏడాది ఈయన చేసిందల్లా బోర్డుకు రంగులు ఎంచుకోవడం. ట్రే అక్కడే నేలకేసి కొడదామనుకున్నాను. గుడ్డ తెర పక్క నుంచి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కీ పట్టుకుని పట్టుకుని గట్టిపడిన వేళ్లు.

"టీ చల్లారుతుంది. ఇచ్చిరా" అంది అక్క.

ఇచ్చి వచ్చాను. వెనక గదిలో అక్క చక్రాన్ని స్టాండు నుంచి విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముఖం ఎప్పటిలాగే ఉంది. మెడ మీద నరం మాత్రం కొట్టుకుంటోంది.

"కిందటేడు గేట్లు మూయడం మర్చిపోయారని డెయిరీల వాళ్లు గొడవ చేశారు కదే?" అంది.

"చేశారు. ఆవులు రోడ్డెక్కాయన్నారు. అయితే?"

"ఈసారి గేట్లు నేను మూస్తాను. అందరికంటే వెనక వస్తాను."

నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కేసరికి నవ్వాగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్క నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆ మాటే మా ఆయనతో చెప్పింది. ఆయన ఎగిరి గంతేశాడు. "మంచి ఆలోచన వదినా! ఆఫీసరమ్మ కూడా వస్తోంది, ఆవుల గొడవ అస్సలు ఉండకూడదు. మరి ముందు గేట్లు ఎవరు తీస్తారు?"

"నువ్వే తీసుకో అబ్బాయ్. దారి నీదేగా."

"నాదే అనుకో" అన్నాడు మా ఆయన. నేను అన్నం వడ్డిస్తూ ఆయన ముఖం చూశాను. ఇసుమంత అనుమానం లేదు. ముందుగా ఒకసారి తొక్కి చూసుకోండి అని కట్టుకున్న పెళ్లాంగా చెప్పాల్సిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకాస్త పప్పు వేసి ఊరుకున్నాను.

రైడ్ రోజు పొద్దున పంపుహౌసు దగ్గర జాతరలా జనం. ఫోన్లన్నీ బకెట్లో పడ్డాయి. మా ఆయన కొత్త ఎర్ర చొక్కా వేసుకుని అందరికీ జాగ్రత్తలు చెప్పాడు. "నా వెనకే రండి. నేనెటు తిరిగితే అటు." ఆఫీసరమ్మ, పత్రికాయన ఆయన వెనకే నిలబడ్డారు. అక్క చిట్టచివర, బావగారి సైకిల్ మీద, మాసిన నీలం చొక్కాలో.

నేను వ్యాన్ తీసుకుని కట్ట మీది రోడ్డెక్కాను. అక్కడి నుంచి మేత భూములన్నీ కనపడతాయి. మొదటి గేటు తేలికే, ఉన్నది అదొక్కటే. మా ఆయన దిగి, తీసి, దర్జాగా నిలబడి అందర్నీ పంపించాడు. కంకర మీద టైర్ల చప్పుడు నా దాకా వచ్చింది. ఆ తర్వాత డెయిరీ మేత భూమి. దాని కంచెకు గేట్లు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలాంటివి, అన్నీ ఇనుపవి, అన్నీ బూడిద రంగువి. అన్నీ మూసి ఉన్నాయి.

మా ఆయన సైకిల్ ఆపాడు.

పాపం, ఆయన ఆ దారిలో మూసిన గేటు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎర్ర చొక్కా అటు తిరిగింది, ఇటు తిరిగింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది, ఏదో పెద్ద ఆలోచన ఉన్నట్టు. వెనక జనం ఓపిగ్గా నిలబడ్డారు. చివరికి బాగా నలిగిన బాట ఉన్న గేటు చూసుకుని తీశాడు. పప్పులో కాలేశాడు. ఆ బాట నలిపింది మనుషులు కాదు, ఆవులు. అందరూ దిగుడులో జర్రున జారిపోయారు. చివరగా అక్క వెళ్లింది. దిగి, గేటు మూసి, తీగ ఉంగరం తగిలించి, లాగి చూసి మరీ ఎక్కింది. తీసిన గేటు మూయాలి కదా మరి!

నేను వ్యాన్ తిప్పుకుని డెయిరీ వెనక రోడ్డుకు వెళ్లేసరికి పేడ గుంట అంచున మొత్తం మంద ఇరుక్కుని ఉంది. ముందు మా ఆయన, పిక్కల దాకా పేడలో. ఆఫీసరమ్మ తెల్ల బూట్లు తెల్లగా లేవు. చుట్టూ ఆవులు చేరి వీళ్లను వాసన చూస్తున్నాయి. పత్రికాయన ఏ ఆవుదో తోక ముఖం మీద నుంచి తీసుకుంటున్నాడు. షెడ్డులోంచి డెయిరీ ముసలాయన కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరయ్యా మీరంతా? ఇందులోకెందుకొచ్చారు?"

"నేనండీ, కెప్టెన్ని. సైకిల్ రైడ్" అన్నాడు మా ఆయన.

"ఏ కెప్టెన్? ఏటా ముందొచ్చేది చువ్వలమ్మ కదా. నా దగ్గర గేటు అడుక్కుని దారి వేసుకుంది ఆవిడ. ఆవిడేదీ?"

ఒక్కొక్కరుగా తలలు వెనక్కి తిరిగాయి. అక్క గట్టు మీద, పొడి నేలలో, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి ఉంది. మా ఆయన కూడా అటే చూశాడు. తేలు కుట్టిన దొంగ చూపు.

"వదినా" అన్నాడు. "దారెటు?"

"నీకు తెలియకపోవడమేంటి కెప్టెన్?" అంది అక్క. అబ్బాయ్ అనలేదు. "నువ్వు ఏడ్చిన మెట్ట ఎటుందో నీకు తెలియదూ?"

మింగలేక కక్కలేక అంటారే, అది ఆయన ముఖంలో కళ్లారా చూశాను. ఆఫీసరమ్మ ఆయన వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసింది. ఆవిడ తెలివితక్కువదేం కాదు.

"మీకు తెలుసా అమ్మా?" అని అక్కను అడిగింది.

"రండి" అంది అక్క.

ఆ తర్వాత వాళ్లు తొక్కిందే అసలు దారి. నేను క్వారీ రోడ్డు మీదుగా వెళ్లి మెట్ట కింద వ్యాన్ ఆపి కాచుకున్నాను. అక్క ముందొచ్చింది. ఆ ఎక్కుడులో కంకరంతా వదులు రాళ్లే, నిలబడి తొక్కితే వెనక చక్రం జారిపోతుంది, కూర్చుని తొక్కితే ముందు చక్రం లేచిపోతుంది. అక్క సీటు కొసన కూర్చుని, ముందుకు వంగి, ఒక్కసారి కాలు కింద పెట్టకుండా ఎక్కేసింది. మిగతావాళ్లు సగంలో దిగి తోసుకున్నారు. మా ఆయన మొదటి నుంచీ తోసుకున్నాడు. పేడ ఎండి పిక్కలకు పట్టుకుపోయింది. నేను వాళ్ల వెనక నడిచి ఎక్కాను. ఆ సంబరం చూడకుండా కింద కూర్చుంటానా?

పైన గాలి. కింద సరస్సు మొత్తం కనపడుతోంది. అక్క సైకిల్ వాల్చి మా ఆయన కోసం ఆగింది. ఆయన రొప్పుతూ వచ్చాడు.

"ఏ బండ మీద కూర్చున్నావు?" అని అడిగింది.

ఆయన చుట్టూ చూసి, సరస్సు వైపున్న పెద్ద చదును బండ చూపించాడు. "అదే. ఆ బండే."

"అది కాదు" అంది అక్క. మెట్ట అవతలి పక్కకు నడిచింది. అక్కడ క్వారీ గోడ పక్కన ఒక గుంటలాంటిది ఉంది, మనిషి పట్టేంత. అక్కడి నుంచి సరస్సు కనపడదు. ఎదురుగా రాతి గోడే. "ఏడవడానికి వచ్చినవాళ్లు సరస్సు చూస్తూ కూర్చోరు. కూర్చునేది ఇక్కడ. రా, కూర్చో."

ఆయన కదల్లేదు.

"కూర్చో" అంది మళ్లీ. గొంతు పెంచలేదు. నేను ఆమెతో ఒక చూరు కింద ఇన్నేళ్లు బతికాను, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. ఆయన వెళ్లి గుంటలో కూర్చున్నాడు.

"ఇప్పుడు ఏడువు. నీ బోర్డు కోసం కాదు, రాయి కోసం కాదు. మీ అన్న కోసం. మాకేం తొందర లేదు."

అంతమంది చుట్టూ నిలబడ్డారు. మా ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఆయన భుజాలు కదిలాయి, ముక్కు ఎగబీల్చాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్క వంగి ఆ ముఖంలోకి చూసింది, రిమ్మును చూసినట్టు.

"ఇది నీ పరువు కోసం" అంది. "ఆయన కోసం కాదు." వెనక్కి తిరిగి సైకిల్ ఎత్తుకుంది.

జాలి పడలేదా అని మీరడగొచ్చు. మొగుడు కదా అని. లేదండీ. కడుపు చల్లబడింది నాకు.

కిందికి దిగాక ఆఫీసరమ్మ రాయి మీద మీ పేరే వేయిస్తానంది. అక్క వద్దంది. ఆవిడ బతిమాలింది. అక్క ససేమిరా అంది. "రాయి వద్దమ్మా. తీసిన గేటు మూయండి అని ఒక బోర్డు పెట్టించండి చాలు." ఇప్పుడు పంపుహౌసు పక్కన ఉన్నది అదే. మా ఆయన రోజూ దాని ముందు నుంచే షాపుకు వెళ్తాడు.

ఇంటికొచ్చాక ఆయన నా మీద పడ్డాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"మీరు కోరుకున్నదే కదండీ ఇన్నాళ్లూ, నేను నోరు మూసుకోవాలని" అన్నాను. ఆ పూట అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

అక్క షాపు మానేస్తుందని ఊరంతా అనుకుంది. ఎందుకు మానేస్తుంది? బావగారి షాపు అది. మర్నాడు పొద్దున్నే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. మధ్యలో ఉన్న గుడ్డ తెర పీకి, చేతులు తుడుచుకోవడానికి వాడుకుంది. ఇప్పుడు ముందు గదిలో ఏం మాట్లాడినా ఆమెకు వినపడుతుంది, ఆమె ఏం చేసినా వాళ్లకు కనపడుతుంది. కొత్త కస్టమర్ ఎవరైనా వచ్చి ఆ సరస్సు చుట్టు సంగతేంటండీ అని అడగ్గానే వెనక గదిలో చక్రం ఆగిపోతుంది. అక్క బొటనవేలు రిమ్ము మీద పెట్టి, తల ఎత్తకుండా కూర్చుంటుంది. మా ఆయన బల్ల మీది స్పానర్లు సర్దుతాడు, దగ్గుతాడు, పైకి చూస్తాడు. చివరికి అంటాడు, "మా వదిన కనిపెట్టిందండీ. మా అన్న పోయిన ఏడాది."

అప్పుడు అక్క వేలు తీస్తుంది. చక్రం తిరుగుతుంది.

ఆ మాట వినడానికే నేను టీ సమయం మార్చుకుని మరీ వెళ్తున్నాను. మొన్న మాత్రం, ఆయన ముఖం చూసి, ఏమనిపించిందో నాకే తెలియదు, అక్క పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "ఎన్నాళ్లు చెప్పిస్తావక్కా ఇలా?"

అక్క చువ్వను ఒక్క పిసరు బిగించింది. చక్రం తిప్పి, చెవి పెట్టి వింది.

"మీ బావగారు తిరిగొచ్చేదాకా" అంది.